నాలుగు లేన్ల వీధిలో ప్రమాదాలు తగ్గాలంటే ముందు ఏం మార్చాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో విషయం ఇది. మీ ఇంటి ముందు వీధి నాలుగు లేన్లది. ఒక పక్క స్కూలు, ఎదురుగా బస్టాపు. ఏడాదిలో రెండు పెద్ద ప్రమాదాలు జరిగాయి. నడిచేవాళ్లు చూసుకోకుండా రోడ్డు మీదికి వస్తున్నారని డ్రైవర్లు అంటున్నారు. బండ్లు ఆగడమే లేదని నడిచేవాళ్లు అంటున్నారు. సైకిల్ తొక్కేవాళ్ల మీద రెండు వర్గాలకూ కోపమే. అధికారులు వచ్చి ఒక అవగాహన కార్యక్రమం పెట్టి, రెండు బోర్డులు నాటి వెళ్లారు. తప్పు ఎవరిది, ఏది ముందు మార్చాలి, అర్జీలో ఏం అడగాలి అని మీరు అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా వీధుల డిజైన్, ప్రమాదాలు జరిగిన చోట్ల పరిశీలన నా పని. అందుకే సూటిగా చెప్తాను.

ముందు మార్చాల్సింది వేగం. అదీ బోర్డుతో కాదు, వీధి ఆకారంతో. మనుషులు, వాహనాలు కలిసి తిరిగే చోట బండి గంటకు 30 కి.మీ. దాటి పోవాలనిపించని విధంగా వీధి ఉండాలి. ఆ తర్వాత మూడు పనులు. దాటాల్సిన దూరం తగ్గించాలి. మలుపుల దగ్గర బండ్లు నెమ్మదించేలా మూలలు బిగించాలి, అంటే వీధి మూల వంపును చిన్నది చేయాలి. వేగం తగ్గించలేని చోట సైకిళ్లకు విడిగా, అడ్డుగోడ ఉన్న దారి ఇవ్వాలి. మిగతావన్నీ వీటి తర్వాతే.

తప్పు ఎవరిది అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని అడుగుతున్నాను. పోలీసు కేసుకు అది అవసరం. వీధిని బాగుచేయడానికి మాత్రం దాదాపు ఎప్పుడూ పనికిరాదు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు వేగం సంగతి.

50కీ 30కీ మధ్య తేడా చిన్నదే అనుకుంటాం. లెక్క వేసి చూడండి. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి, ప్రమాదం కంటపడ్డాక డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక్క సెకను పట్టింది అనుకుందాం. 30లో వెళ్తున్న కారు ఆ సెకనులో 8 మీటర్లకు కాస్త పైగా పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్ల చిల్లరలో ఆగిపోతుంది. 50లో వెళ్తున్న కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో కారు వచ్చేసరికి దాని బ్రేకు ఇంకా పడనే లేదు. అక్కడ ఒక పిల్లవాడు నిలబడి ఉంటే మొదటి కారు అతని ముందు ఆగుతుంది, రెండోది అదే 50 వేగంతో తగులుతుంది. డ్రైవర్లిద్దరూ సమానంగా జాగ్రత్తపరులే, ఇద్దరూ ఒకే క్షణంలో చూశారు.

దెబ్బ తీవ్రత వేగంతో పాటు నేరుగా పెరగదు, వేగం వర్గంతో, అంటే వేగాన్ని అదే వేగంతో గుణిస్తే వచ్చే లెక్కతో పెరుగుతుంది. 30 నుంచి 50కి వెళ్తే ఢీకొన్నప్పటి శక్తి 2.8 రెట్లవుతుంది. ఒక వీధిలో సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తిరగేసి చదివితే ఇది మనకు మంచి వార్త. వేగం కొంచెం తగ్గినా ప్రాణాలు చాలా దక్కుతాయి. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రోడ్డు భద్రత సమావేశం నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు వాహనాలతో కలిసి తిరిగే చోట 30 కి.మీ. పరిమితి ఉండాలని ప్రకటించింది ఈ లెక్కల వల్లే.

ఇప్పుడు తప్పు సంగతి. 1997లో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' అనే విధానాన్ని ఆమోదించింది. రోడ్డు మీద మరణం గానీ జీవితాంతం బాధపెట్టే గాయం గానీ సమాజం ఒప్పుకోదగ్గ విషయం కాదు అన్నది దాని మూలం. మనిషి పొరపాటు చేస్తాడు. పిల్లలు బంతి వెంట పరిగెత్తుతారు, అలసిన డ్రైవరు ఒక క్షణం పక్కకు చూస్తాడు, ముసలివాళ్లు బండి దూరాన్ని తప్పుగా అంచనా వేస్తారు. అటువంటి పొరపాటుకు శిక్ష మరణం కాకుండా చూసుకోవడం వీధిని కట్టినవాళ్ల, నడిపేవాళ్ల బాధ్యత అని ఆ విధానం చెప్తుంది. నా పని తీరును మార్చిన ఆలోచన ఇది. అప్పటిదాకా నేనూ ప్రమాదం నివేదికలో 'పాదచారి నిర్లక్ష్యం' అని ఉంటే అక్కడితో ఫైలు మూసేవాణ్ణి.

ఒక అనుభవం చెప్తాను. పనిలో చేరిన కొత్తల్లో, అచ్చంగా మీ వీధి లాంటి చోట, పాదచారుల వంతెన కట్టమని సిఫారసు చేశాను. కట్టారు. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే వంతెన ఖాళీ, జనం కిందే దాటుతున్నారు. చేతిలో బరువైన సంచితో దాటి వచ్చిన ఒక పెద్దావిడను ఆపి, పైనుంచి ఎందుకు రాలేదని అడిగాను. 'ఒకసారి ఎక్కమంటే ఎక్కుతాను బాబూ, రోజుకు నాలుగుసార్లు నా మోకాళ్లు ఎక్కవు' అంది. అదే వీధిలో వంతెన పూర్తయిన తర్వాత బండ్ల వేగం పెరిగింది. కింద ఇక ఎవరూ ఉండరన్న ధీమా డ్రైవర్లకు వచ్చింది మరి. నేను చేసిన సిఫారసు వల్ల ఆ వీధి మునుపటికంటే ప్రమాదకరమైంది. ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీకు ఎవరైనా వంతెన గానీ సబ్‌వే గానీ ఇస్తామంటే ఒప్పుకోకండి. నడిచే మనిషి నేల మీదే దాటాలి, బండే నెమ్మదించాలి. రైలు పట్టాలు, వేగంగా పోయే హైవేలు మాత్రం దీనికి మినహాయింపు.

బోర్డు ఎందుకు సరిపోదంటే, డ్రైవరు వేగాన్ని బోర్డు చూసి నిర్ణయించుకోడు, కళ్ల ముందు కనిపించే దారిని చూసి నిర్ణయించుకుంటాడు. వెడల్పాటి లేను, తిన్నగా ఉన్న రోడ్డు, దూరం దాకా కనిపించే చూపు ఉంటే కాలు దానంతటదే ఆక్సిలరేటర్ నొక్కుతుంది. అతను చెడ్డవాడు కాదు. ఆ రోడ్డు అతనికి 'పోవచ్చు' అని చెప్తోంది. అక్కడ 30 బోర్డు పెట్టడం అంటే రోడ్డు ఒకటి చెప్తుంటే బోర్డు ఇంకోటి చెప్పడం. జరిమానాలు, కెమెరాలు పనిచేస్తాయి, నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ పోలీసు ఉన్నంతసేపే పోలీసు పనిచేస్తాడు. రోడ్డు ఆకారం రాత్రి రెండు గంటలకు కూడా డ్యూటీలోనే ఉంటుంది.

మీ వీధికి వర్తించే లెక్క ఒకటి చూపిస్తాను. లేన్లు ఒక్కోటి 3.5 మీటర్లు అనుకుందాం, నాలుగు కలిపి 14 మీటర్లు. నగరం లోపలి వీధిలో 3 మీటర్ల లేను సరిపోతుంది. బస్సులు ఎక్కువగా తిరిగే లేనుకు ఇంకొంచెం కావాలి, దాని సంగతి విడిగా చూసుకోవచ్చు. ఒక్కో లేను అర మీటరు తగ్గిస్తే రోడ్డు మధ్యలో 2 మీటర్లు మిగులుతాయి. దాటేవాళ్లు ఆగి నిలబడే తిన్నెకు సరిగ్గా కావాల్సింది ఆ 2 మీటర్లే. సైకిలు గానీ పిల్లల్ని తోసే బండి గానీ చక్రాలు రోడ్డు మీదికి రాకుండా అందులో పడుతుంది. రోడ్డు వెడల్పు పెంచలేదు, ఎవరి స్థలమూ తీసుకోలేదు, ఒక్క లేను కూడా తీసేయలేదు. లేన్లు ఇరుకైనందుకు డ్రైవరు కొంచెం నెమ్మదిస్తాడు, దాటే మనిషి ఒకేసారి నాలుగు లేన్లకు బదులు రెండు లేన్లను, అదీ ఒకే దిక్కు నుంచి వచ్చే బండ్లను చూసుకుంటే చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది నాకు ఇంకోటి తెలియదు.

ట్రాఫిక్ మరీ ఎక్కువ లేకపోతే ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు. నాలుగు లేన్లను మూడు చేసి, మధ్య లేనును మలుపు తిరిగే బండ్లకు ఇచ్చి, మిగిలిన చోటును సైకిళ్లకు ఇవ్వడం. అమెరికాలో చాలా ఊళ్లలో చేశారు. అక్కడి ఫెడరల్ హైవే శాఖ లెక్కల్లో ఇలాంటి మార్పుతో ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గాయి. మలుపు కోసం ఆగిన బండి వెనక బండ్లు నిలవవు కాబట్టి డ్రైవర్లకూ అంత నష్టం ఉండదు.

స్పీడ్ బ్రేకర్ల మాట. అందరూ మొదట అడిగేది అవే. పనిచేస్తాయి, కానీ నిటారుగా, ఇరుగ్గా, రంగు లేకుండా వేస్తే సైకిలువాళ్లను, బైకువాళ్లను పడేస్తాయి, అంబులెన్సులో ఉన్న మనిషిని కుదిపేస్తాయి. స్కూలు ముందు నేను కోరేది ఎత్తు క్రాసింగ్. అంటే జీబ్రా చారలున్న భాగాన్నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, రెండు పక్కలా మెల్లగా వాలు ఇవ్వడం. పిల్లలు దిగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు, బండే ఎక్కి దిగుతుంది. డ్రైవరు కళ్లకు పిల్లలు మరికాస్త ఎత్తులో కనిపిస్తారు. వాననీరు నిలవకుండా అంచుల్లో కాలువ దారి వదలమని గట్టిగా చెప్పండి, చాలాచోట్ల అదే మర్చిపోతారు.

మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. రెండో ప్రమాదంలో ఒక లేనులో కారు ఆగిందని, అయినా అమ్మాయికి దెబ్బ తగిలిందని రాశారు. నాలుగు లేన్ల వీధుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేది ఇదే. ఒక మంచి డ్రైవరు ఆగుతాడు. ఆ బండి చాటున ఉన్న మనిషి పక్క లేనులో వచ్చేవాడికి కనిపించదు. ముందు బండి ఎందుకు ఆగిందో తెలియక అతను దాటుకుని వస్తాడు. సిగ్నల్ లేకుండా ఒకే దిక్కుకు రెండు లేన్లు ఉన్నచోట ఉట్టి జీబ్రా చారలు గీయడం నా దృష్టిలో మంచి పని కాదు. రక్షణ ఉందన్న నమ్మకం ఇస్తుంది, రక్షణ ఇవ్వదు. ఆగాల్సిన గీతను చారలకు కొన్ని మీటర్లు వెనక్కి జరిపితే చూపు తెరుచుకుంటుంది. అంతకంటే మంచిది, క్రాసింగ్ దగ్గర ఒకే లేను మిగిలేలా ఫుట్‌పాత్‌ను ముందుకు పొడిగించడం. అదీ కాకపోతే సిగ్నల్ పెట్టాలి.

సిగ్నల్ పెడితే సమయం చూసుకోండి. చాలాచోట్ల నడిచే మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు. 14 మీటర్లకు 12 సెకన్లు. పెద్దవాళ్లు, కాలు నొప్పి ఉన్నవాళ్లు 0.8 దగ్గర నడుస్తారు, వాళ్లకు 17, 18 సెకన్లు కావాలి. ఒక కూడలిలో నేను స్టాప్‌వాచ్ పట్టుకుని మూడు ఉదయాలు నిలబడ్డాను. చేతికర్రతో వచ్చే ఒక పెద్దాయన రోజూ పచ్చ వెలగగానే బయలుదేరేవారు, రోజూ మూడో లేనులో ఉండగా ఎర్ర పడేది. ఆయన తప్పు ఎక్కడుంది? సిగ్నల్ సమయం మార్చడానికి తవ్వకం అక్కర్లేదు, కాంక్రీటు అక్కర్లేదు. కంట్రోల్ బాక్సు దగ్గర ఒక గంట పని. దాంతోపాటే ఇంకోటి అడగండి: నడిచేవాళ్లకు పచ్చ దీపం వాహనాల కంటే 3 నుంచి 7 సెకన్లు ముందు వెలిగించాలి. మలుపు తిరిగే బండి కదిలేసరికి దాటేవాళ్లు అప్పటికే రోడ్డు మధ్యలో, డ్రైవరు కళ్లెదుట ఉంటారు.

మలుపుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎవరూ పట్టించుకోని చోటు అదే కాబట్టి. వీధి మూల గుండ్రంగా, విశాలంగా ఉంటే బండి వేగం తగ్గించకుండా తిరిగిపోతుంది. డ్రైవరు చూపు అడ్డంగా వచ్చే బండ్ల మీద ఉంటుంది, తను తిరగబోయే వైపు దాటుతున్న మనిషి మీద ఉండదు. మూలను బిగిస్తే, అంటే ఆ వంపును చిన్నది చేస్తే, రెండు లాభాలు. బండి దాదాపు ఆగి తిరగాల్సి వస్తుంది, దాటాల్సిన దూరమూ తగ్గుతుంది.

ఒకచోట మేం దీన్ని సిమెంటు వేయకముందే పరీక్షించాం. ప్లాస్టిక్ కోన్లు, ఇసుక మూటలు తెచ్చి మూలను చిన్నది చేసి వారం రోజులు వదిలేశాం. మొదటిరోజే బస్సు డ్రైవర్లు వచ్చి వెనక చక్రం ఎక్కుతోందన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేదు. ఒక బస్సు తెప్పించి, వాళ్లనే తిప్పమని, చక్రం పోయిన దారి సుద్దతో గీశాం. కోన్లు అర మీటరు జరిపితే బస్సు హాయిగా తిరిగింది. కార్లు మాత్రం ఇంకా నెమ్మదిగానే తిరిగాయి. ఆ వారం చివరికి ఆ మూలలో వ్యతిరేకించేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కాగితం మీద నక్షా చూపించి ఉంటే నెలల తరబడి వాదన జరిగేది.

అలాగే మూలల దగ్గర పార్కింగ్. క్రాసింగ్‌కు ఆనుకుని ఆపిన వ్యాను వెనక నుంచి బయటికి వచ్చే పిల్లవాడిని ఎంత మంచి డ్రైవరైనా చూడలేడు. క్రాసింగ్‌కు ముందు కనీసం ఒక కారు పట్టే చోటు, వీలైతే రెండు, ఖాళీగా ఉండాలి. 'పార్కింగ్ నిషేధం' అని రాస్తే ఆపేవాళ్లు ఆపుతూనే ఉంటారు. సైకిల్ స్టాండో, పూలతొట్టో, ఫుట్‌పాత్ పొడిగింపో పెడితే బండి పట్టదు. న్యూయార్క్ పక్కనే ఉన్న హోబోకెన్ అనే చిన్న నగరం కూడలి తర్వాత కూడలి ఈ పని చేసుకుంటూ పోయింది. 2017 జనవరి తర్వాత ఏడేళ్ల పాటు అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్క మరణం కూడా లేదు. పార్కింగ్ ఒక్కటే దీనికి కారణం కాదు, వేగ పరిమితి తగ్గించారు, సిగ్నళ్లు మార్చారు. కానీ కూడలిలో చూపు తెరవడం వాళ్ల పనిలో ముఖ్యభాగం.

ఇక సైకిళ్లు. గీత గీస్తే దారి అయిపోదు. రంగు గీతను దాటడానికి బండికి ఏ అడ్డూ లేదు. నేను పరిశీలించిన ఒక వీధిలో సైకిల్ లేను గీసిన వారానికే అది సామాను దించే వ్యాన్ల స్టాండు అయిపోయింది. కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చిన ఒకాయన, ఆగి ఉన్న ఆ వ్యాన్ల దగ్గర ప్రతిసారీ వేగంగా పోయే బండ్ల మధ్యలోకి రావాల్సి వచ్చేది. మూడో రోజు నుంచి ఆయన ఫుట్‌పాత్ ఎక్కాడు. నడిచేవాళ్లు ఆయన్ని తిట్టారు. వాళ్ల కోపం న్యాయమే, ఆయన భయమూ న్యాయమే. సైకిళ్లు ఫుట్‌పాత్ మీదికి వస్తున్నాయని మీరు రాశారు కదా, రోడ్డు మీద వాళ్లకు చోటు లేదనడానికి అదే గుర్తు. సూత్రం తేలిక: బండ్లు 30లోపు, తక్కువగా తిరిగే వీధిలో సైకిళ్లు కలిసి పోవచ్చు. అంతకుమించి వేగం ఉంటే మధ్యలో గట్టి అడ్డు ఉండాలి.

అయితే సైకిల్ దారికి అసలు పరీక్ష కూడలిలో. వీధంతా రక్షణ ఇచ్చి కూడలి వచ్చేసరికి వదిలేస్తే లాభం లేదు. మూలలో ఒక చిన్న తిన్నె కట్టి సైకిళ్లను బండ్ల కంటే ముందు నిలబెట్టాలి, మలుపు తిరిగే డ్రైవరుకు సైకిలు ఎదురుగా కనిపించాలి, పక్కన కాదు. లారీల విషయంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. ఎత్తైన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు తన పక్కన, ముందు చక్రం దగ్గర ఉన్న సైకిలు అసలు కనపడదు. లండన్‌లో 2021 నుంచి క్యాబిన్ నుంచి చూపు సరిగా లేని భారీ లారీలకు అదనపు రక్షణ పరికరాలు తప్పనిసరి చేశారు. సైకిల్ తొక్కేవాళ్లకు నా విన్నపం ఒక్కటే, మలుపు దగ్గర ఆగి ఉన్న లారీ పక్కకు ఎప్పుడూ దూరకండి. కార్లవాళ్లకు ఇంకో విన్నపం: తలుపు తీసేటప్పుడు దగ్గరి చేత్తో కాకుండా దూరపు చేత్తో తీయండి. ఒళ్లు తిరుగుతుంది, దాంతో చూపు వెనక్కి వెళ్తుంది, వచ్చే సైకిలు కనిపిస్తుంది. దీన్ని డచ్చివాళ్ల పద్ధతి అంటారు.

మీ బస్టాపు దగ్గర సైకిల్ దారిని బస్టాపు వెనక నుంచి తిప్పొచ్చు. అప్పుడు బస్సు, సైకిలు ఒకదాన్నొకటి కోసుకోవు. బస్సు దిగినవాళ్లు సైకిల్ దారి దాటాలి కాబట్టి అక్కడ దారిని కొంచెం ఎత్తు చేసి సైకిళ్లను నెమ్మదింపజేయాలి. చూపులేనివాళ్లకు ఇది ఇబ్బందికరమైన చోటు. కాలికి తగిలే గుర్తుపలకలు వేయకుండా దీన్ని కట్టొద్దు. ఆ పలకలు 1967లో జపాన్‌లోని ఒకాయామాలో మొదటిసారి వీధిలో వేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా నగరాల్లో అవి సగంలో ఆగిపోతాయి, లేదా నేరుగా కరెంటు స్తంభంలోకి దారి తీస్తాయి. వేయించిన తర్వాత ఒకసారి కళ్లు మూసుకుని, తోడుగా ఒకరిని పెట్టుకుని నడిచి చూడండి.

'ఇవన్నీ చేస్తే డ్రైవర్లం ఎక్కడికి పోవాలి' అని మీ పక్కింటాయన అడిగారని రాశారు. ఆయన ప్రశ్న న్యాయమైనది, జవాబు కూడా ఉంది. ఒక కిలోమీటరు 50లో ఆగకుండా పోతే 72 సెకన్లు, 30లో పోతే 120. తేడా 48 సెకన్లు, అదీ ఎక్కడా ఆగకపోతే. నగరంలో సిగ్నళ్లు, మలుపులు కలుపుకుంటే అసలు తేడా అందులో కొంతే. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు ఉరికి ఎర్ర దీపం దగ్గర నిలబడటమే ఎక్కువసార్లు జరుగుతుంది. పైగా కొన్ని మార్పులు డ్రైవర్ల ప్రాణాలనే కాపాడతాయి. నాలుగు దారుల మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 ఉంటాయి. మధ్యలో ఉన్న గుండ్రటి తిన్నె చుట్టూ బండ్లు ఒకే దిక్కుగా తిరిగిపోయే కూడలిలో, అంటే రౌండబౌట్‌లో, ఒకే లేను ఉంటే 8 మాత్రమే. ఎదురెదురుగా, అడ్డంగా గుద్దుకునే అవకాశమే పోతుంది. తగిలినా నెమ్మదిగా, ఏటవాలుగా తగులుతాయి. స్థలం ఉంటే సిగ్నల్ కంటే దీన్నే నేను ఎంచుకుంటాను. కానీ రెండు మూడు లేన్ల పెద్ద రౌండబౌట్ నడిచేవాళ్లకు, సైకిళ్లకు మంచిది కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

రాత్రి సంగతి క్లుప్తంగా. దీపం సరిగ్గా క్రాసింగ్ నెత్తి మీద ఉంటే మనిషి నీడలా కనిపిస్తాడు. బండి వచ్చే వైపు, క్రాసింగ్‌కు కాస్త ముందు దీపం ఉంటే మనిషి ముఖం, బట్టలు వెలుగులో కనిపిస్తాయి. స్తంభం జరపడమే, దీపం పెంచడం కాదు.

ఇదంతా సాధ్యమేనా అని అనుమానం ఉంటే, సాధ్యమే. 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్ల మీద 3,300 మంది దాకా చనిపోయారు, అందులో పిల్లలు 400కు పైగా. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి 'పిల్లల హత్యలు ఆపండి' అని ఉద్యమం నడిపారు. అప్పటికి ఆ దేశం కూడా కార్ల కోసం వీధులు వెడల్పు చేసుకుంటూ పోతున్న దేశమే. ఇప్పుడు అక్కడి మరణాలు ఆనాటి సంఖ్యలో నాలుగో వంతు కూడా లేవు. 2019లో ఓస్లోలో నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు ఒక్కరు కూడా చనిపోలేదు. హెల్సింకీలో 2025 జులైకి ముగిసిన పన్నెండు నెలల్లో రోడ్డు ప్రమాదంలో ఎవరూ చనిపోలేదు, కార్లలోవాళ్లతో సహా. ఆ నగరంలో సగానికి పైగా వీధుల్లో పరిమితి 30. అక్కడి మనుషులు కూడా పొరపాట్లు చేసేవాళ్లే, మనలాంటివాళ్లే.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. ప్రమాదాల రికార్డుల కోసం ఎదురుచూడకండి. ప్రమాదాలు అరుదు, తృటిలో తప్పిపోయినవి రోజూ ఉంటాయి. స్కూలు వదిలే గంటలో ఇద్దరు, రెండు పక్కలా, మూడు రోజులు నిలబడండి. బండి గట్టిగా బ్రేకు వేయడం, మనిషి వెనక్కి గెంతడం, సైకిలు తప్పుకోవడం జరిగిన ప్రతిసారీ వీధి నక్షా మీద ఆ చోట ఒక చుక్క పెట్టండి. ఎవరిది తప్పో రాయొద్దు, చోటు మాత్రమే. ఒకచోట అందరూ స్కూలు గేటు దగ్గర క్రాసింగ్ బాగుచేయమని అడుగుతున్నారు. చుక్కలు పెట్టి చూస్తే సగానికి పైగా గేటు దగ్గర లేవు, నలభై మీటర్ల అవతల బస్టాపు ఎదురుగా ఉన్నాయి. జనం బస్సు దిగి నేరుగా దాటుతున్నారు, నలభై మీటర్లు నడిచి వెనక్కి రావడం లేదు. క్రాసింగ్‌ను అక్కడికి జరిపాం. మనుషులు దాటే చోటికి క్రాసింగ్ రావాలి.

అర్జీలో పది కోరికలు రాస్తే ఒక్కటీ జరగదు. నేనైతే ఇలా రాస్తాను: మొదటిది, ఈ వీధిలో లేన్లు 3 మీటర్లకు తగ్గించి, చుక్కలు ఎక్కువగా పడిన చోట మధ్యలో 2 మీటర్ల తిన్నెతో ఎత్తు క్రాసింగ్ వేయాలి. రెండోది, రెండు మూలల వంపును తగ్గించి, క్రాసింగ్‌కు ముందు పార్కింగ్ తీసేయాలి, ముందుగా కోన్లతో ఒక నెల పరీక్షించి చూడాలి. మూడోది, దగ్గరి సిగ్నల్‌లో నడిచేవాళ్ల సమయం పెంచి, వాళ్లకు ముందుగా పచ్చ ఇవ్వాలి. మీ చుక్కల నక్షా జతచేయండి. డ్రైవర్ల సంతకాలు కూడా తీసుకోండి, ముఖ్యంగా బస్సు డ్రైవర్లవి. మూడో కోరిక వెంటనే చేయగలిగింది కాబట్టి దానికి తేదీ అడగండి.

పని పూర్తయ్యాక మూడు నెలలకు అదే ఇద్దరు, అదే గంటలో, అదే చోట నిలబడి మళ్లీ చుక్కలు పెట్టండి. చుక్కలు తగ్గకుండా పక్కకు జరిగి ఉంటే ఇక్కడ రాయండి, నక్షా ఫొటో కూడా పెట్టండి. చూసి చెప్తాను.